బ్రాండ్ చూసి కొనాలా, బ్యాటరీ చూసి కొనాలా? కార్డ్‌లెస్ టూల్స్ మీద చర్చ

రంపంపొట్టు:
బ్యాటరీతో నడిచే టూల్స్ కంపెనీల్లో మకీటా మంచిదా, డీవాల్ట్ మంచిదా, మిల్వాకీ మంచిదా అని ఎక్కడ అడిగినా ఎవరి చేతిలో ఏది ఉంటే అదే మంచిదంటారు. ఏళ్ల తరబడి ఈ టూల్స్‌తోనే చెక్కపని చేస్తున్నాను కాబట్టి నా మాట సూటిగా చెప్తాను, తప్పనిపిస్తే కాదనండి. డ్రిల్లు కొంటున్నాం అనుకుంటాం గానీ నిజానికి మనం కొనేది బ్యాటరీ. మొదటి రెండు బ్యాటరీలూ ఛార్జరూ ఇంటికి వచ్చిన రోజే తర్వాత కొనబోయే రంపం, గ్రైండర్, శాండర్ ఏ కంపెనీవో తేలిపోతుంది. అందుకే ముందు బ్యాటరీని చూసి, ఒక్క కంపెనీ దగ్గరే ఆగాలి.

అంతకంటే ముందు 18 వోల్టులా 20 వోల్టులా అన్న గొడవ తీర్చేద్దాం. బ్యాటరీ పెట్టె లోపలుండే లిథియం సెల్లు ఒక్కోటి 3.6 వోల్టుల లెక్కన ఐదింటిని వరసగా కలిపితే 18. అవే ఐదింటిని ఫుల్ ఛార్జ్ చేసి అప్పటికప్పుడు మీటరు పెడితే 20 దాటి చూపిస్తుంది. అమెరికాలో డీవాల్ట్ 20 వోల్ట్ మ్యాక్స్ అని అమ్మేదీ, యూరప్‌లో అదే కంపెనీ 18 వోల్ట్ ఎక్స్‌ఆర్ అని అమ్మేదీ లోపల ఐదు సెల్లుల వరసే. 12 వోల్ట్ మ్యాక్స్ అంటే మూడు సెల్లులు, అంటే 10.8. మకీటా 40 వోల్ట్ మ్యాక్స్‌లో పది సెల్లులు, అంటే 36. స్టిక్కర్ మీద అంకె పెద్దదని బలం పెరగదు.

మేకుదెబ్బ:
అన్నా, వోల్టుల సంగతి ఒప్పుకుంటాను, ఒక్క కంపెనీ దగ్గరే ఆగాలన్నది మాత్రం ఒప్పుకోను. మనల్ని కట్టిపడేయాలన్నదే కంపెనీల కోరిక, దానికి మనమే ఎందుకు తల ఒగ్గాలి? మకీటా 18 వోల్టుల ఎల్‌ఎక్స్‌టీ రకం బ్యాటరీ 2005లో వచ్చింది, దాన్ని నమ్మి డజను బ్యాటరీలు పోగేసుకున్నవాళ్లున్నారు. 2019లో ఎక్స్‌జీటీ అని 40 వోల్టులది తెచ్చారు, పాత బ్యాటరీ ఆ కొత్త టూల్స్‌లో దూరదు. బాష్ అయితే ఒకే కంపెనీ, ఒకే 18 వోల్టులు, అయినా నీలం రంగు ప్రొఫెషనల్ టూల్ బ్యాటరీ ఆకుపచ్చ రంగు ఇంటి టూల్‌కి పనికిరాదు. పేరు ఒకటే కదా అని కొనేసి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్లని నేను చూశాను.

పైగా పని కూడా చూడాలి కదా. నాది ఎక్కువగా అల్మారాల లోపల, తల పైకెత్తి చేసే పని. రోజంతా చెయ్యి పైకెత్తి స్క్రూలు బిగిస్తే పది సెల్లుల ప్యాక్ బరువేంటో భుజానికి తెలుస్తుంది. వీటిలో మామూలుగా వాడే 18650 సైజు సెల్లు ఒక్కోటే దాదాపు 45 గ్రాములు, పది సెల్లులంటే పెట్టె కాకుండానే అరకిలో దగ్గరికి వస్తుంది. అందుకే ఒక కంపెనీ 12 వోల్టులదీ, ఇంకో కంపెనీ 18 వోల్టులదీ రెండూ పెట్టుకున్నాను. ఛార్జర్లు రెండైతే అయ్యాయి, భుజం బాగుంది.

రంపంపొట్టు:
భుజం మాట నిజం, అక్కడ 12 వోల్టులదే సరైంది. కానీ నువ్వు చెప్పిన ఉదాహరణలే నా మాటకి బలం. పాతవాళ్లని వదలని కంపెనీలూ ఉన్నాయి, వాటినే ఎంచుకోమంటున్నాను. ర్యోబీ కంపెనీ వన్ ప్లస్ రకం 1996లో నికెల్ కాడ్మియం బ్యాటరీతో మొదలైంది, ఇవాళ్టి లిథియం ప్యాక్ అప్పటి డ్రిల్లులో కూడా దూరి పనిచేస్తుంది. డీవాల్ట్ 2016లో తెచ్చిన ఫ్లెక్స్‌వోల్ట్ బ్యాటరీలో 15 సెల్లులుంటాయి. మామూలు టూల్‌లో పెడితే ఐదేసి చొప్పున మూడు వరసలై 20 వోల్టుల దగ్గర 6 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) ఇస్తుంది, పెద్ద టూల్‌లో పెడితే పదిహేనూ ఒకే వరసై 60 వోల్టుల దగ్గర 2 ఏహెచ్ ఇస్తుంది. హైకోకీ మల్టీవోల్ట్‌దీ ఇదే పద్ధతి, 36కీ 18కీ తనే మారుతుంది. మెటాబో అయితే 2018లో ఇతర కంపెనీలని కలుపుకుని ఒకే బ్యాటరీ కూటమి పెట్టింది, మాఫెల్ అనే ఇంకో కంపెనీ రంపాలు కూడా ఆ బ్యాటరీ మీదే నడుస్తాయి. పదేళ్ల తర్వాత కూడా మన పాత ప్యాక్‌కి టూల్ దొరుకుతుందా, అంతే చూడాలి.

ఇనుపరజను:
నేను ఇనుము కోసే పనిలో ఉన్నాను, మీరిద్దరూ చెక్కపని లెక్కలే చెప్తున్నారు. గ్రైండర్ పట్టుకోండి, బ్యాటరీ సంగతి బయటపడుతుంది. మందపాటి పైపు మీద కట్టింగ్ వీల్ ఆనించగానే 2 ఏహెచ్ ప్యాక్‌తో మోత మారిపోతుంది, వీల్ మూలుగుతుంది, రెండు మూడు కోతలకే ప్యాక్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కి టూల్ తనే ఆగిపోతుంది. అదే గ్రైండర్‌కి 5 ఏహెచ్ పెడితే ఆ మూలుగుండదు. ఛార్జ్ ఎక్కువ ఉండటం వల్ల అనుకుంటారు చాలామంది, కారణం వేరు. 700 వాట్లు లాగుతున్నప్పుడు 18 వోల్టుల దగ్గర దాదాపు 39 ఆంపియర్లు కావాలి. 2 ఏహెచ్ ప్యాక్‌లో ఉండేది ఒకే వరస, ఆ 39 ఆంపియర్లూ ప్రతి సెల్లులోంచీ పోవాలి. టూల్స్‌లో వాడే మంచి 18650 సెల్లు కూడా నిలకడగా ఇవ్వగలిగేది 20 నుంచి 30 మధ్యే. 5 ఏహెచ్‌లో రెండు వరసలుంటాయి కాబట్టి ఒక్కో సెల్లు మీద సగమే భారం.

అయినా 5 ఏహెచ్ ప్యాక్ అంటే 18 వోల్టులతో గుణిస్తే 90 వాట్-అవర్లే, 700 వాట్లతో ఆపకుండా కోస్తే ఎనిమిది నిమిషాలు కూడా రాదు. అందుకే నేను 40 వోల్టులకి మారాను, పెద్ద పనికి అదే సరి. కరెంటు సగమవుతుంది, సెల్లులకి సుఖం.

వైర్లపెట్టె:
ఇనుపరజను గారూ, మీరు చెప్పినదంతా బాగుంది, చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగాలి. పది సెల్లులని రెండు వరసలుగా కలిపి 18 వోల్టులు చేసినా, ఒకే వరసగా కలిపి 36 చేసినా, 700 వాట్లకి ఒక్కో సెల్లు ఇవ్వాల్సింది అదే 19 ఆంపియర్ల పైచిలుకు. 18 వోల్టుల 5 ఏహెచ్, 36 వోల్టుల 2.5 ఏహెచ్ రెండూ 90 వాట్-అవర్లే. లాభం ఉన్నది సెల్లులు దాటాక, అంటే ప్యాక్ బయటి కాంటాక్టుల దగ్గర, స్విచ్‌లో, వైర్లలో. కరెంటు సగమైతే అదే వైరులో వేడి నాలుగో వంతుకి పడిపోతుంది. గంటల తరబడి పెద్ద టూల్ నడిపేవాళ్లకి అది నిజంగా పనికొస్తుంది, అల్మారా బిగించేవాళ్లకి అక్కర్లేదు. సెల్లు సుఖపడాలంటే సెల్లుల సంఖ్యన్నా పెరగాలి, లేదా 21700 లాంటి పెద్ద సెల్లన్నా ఉండాలి.

మేకుదెబ్బ:
ఇంతకీ అడాప్టర్ల సంగతి ఎవరూ ఎత్తలేదే? ఒక కంపెనీ బ్యాటరీని ఇంకో కంపెనీ టూల్‌కి తగిలించే ప్లాస్టిక్ ముక్క దొరుకుతుంటే ఒక్కదానికే కట్టుబడటం ఎందుకు?

వైర్లపెట్టె:
దాని జోలికి మాత్రం వెళ్లొద్దు తమ్ముడూ, నేను ఒక మంచి ప్యాక్ అలాగే పోగొట్టుకున్నాను. బ్యాటరీ బాగా దిగిపోయినప్పుడు ఇక చాలని ఆపేసే సర్క్యూట్ కొన్ని కంపెనీలు ప్యాక్‌లోనే పెడతాయి, కొన్ని టూల్‌లో పెడతాయి. టూల్‌లో పెట్టిన రకం ప్యాక్‌ని అడాప్టర్‌తో వేరే టూల్‌కి తగిలిస్తే ఆపేవాళ్లే ఉండరు, సెల్లుని అడుగంటా పిండేస్తుంది. నాది సరిగ్గా అదే. లైటుకి తగిలించి మర్చిపోయాను, తెల్లారి ఛార్జర్‌లో పెడితే ఎర్ర లైటు వెలిగింది, ఇక తీసుకోలేదు. విప్పి కొలిస్తే ఒక సెల్లు వోల్టు కంటే కిందికి పోయింది. అంత దిగిన సెల్లుని బలవంతంగా ఛార్జ్ చేస్తే లోపల షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది, కాబట్టి దాని మీద ఆశ వదులుకున్నాను.

పేరు లేని ప్యాక్‌లతోనూ అదే భయం. ఇంకో ప్యాక్ మీద 9 ఏహెచ్ అని రాసుంది, ఎత్తితే 5 ఏహెచ్ ప్యాక్ కంటే తేలిగ్గా ఉంది. సెల్లుకి బరువుంటుంది కదా, లేని బరువు ఎక్కడ దాచారు? విప్పితే ఒక్కటే వరస, ఉష్ణోగ్రత చూసే సెన్సార్ తీగ ఉండాల్సిన చోట ఉత్త రెసిస్టర్ అతికించారు, ఎంత వేడెక్కినా ఛార్జర్‌కి అంతా బాగున్నట్టే తెలుస్తుంది. ఇల్లు తగలబడే పని అది, ఎవరూ కొనకండి.

రంపంపొట్టు:
సెన్సార్ సంగతి నాకు కొత్త. బరువు చూడటం మాత్రం ఇక నుంచి నేనూ చేస్తాను.

మేకుదెబ్బా, నీ మాట విన్నాక నాది కొంచెం మార్చుకుంటున్నాను. చిన్న పనికి మూడు సెల్లులదొకటి, పెద్ద పనికి ఐదు సెల్లులదొకటి, రెండు కంపెనీలైనా పర్లేదు. ఐదు సెల్లుల దాంట్లో మాత్రం రెండో కంపెనీ వద్దు. 2 ఏహెచ్‌వి నాలుగు కొనేకంటే 5 ఏహెచ్‌వి రెండు కొనండి, డ్రిల్లుకీ గ్రైండర్‌కీ కూడా అవే సరిపోతాయి. వాడని రోజుల్లో సగం ఛార్జ్‌తో చల్లటి చోట పెట్టండి, ఫుల్ ఛార్జ్‌తో ఎండలో కారులో వదిలేస్తే సెల్లు త్వరగా ముసలిదవుతుంది. గడ్డకట్టే చలిలో ఛార్జ్ పెట్టొద్దు, సెల్లు లోపల లిథియం లోహంగా పేరుకుపోతుంది, అది మళ్లీ బాగుపడదు.

ఇనుపరజను:
వైర్లపెట్టె గారి లెక్క కాగితం మీద వేసి చూశాను, సెల్లు మీద భారం రెండింటికీ ఒకటే, నా మాట తప్పు. నా 40 వోల్టుల గ్రైండర్‌కి 2.5 ఏహెచ్ ప్యాక్ పెట్టినప్పుడు ఎందుకు అలిసిపోతోందో ఇప్పుడు అర్థమైంది. పెద్ద సెల్లుల 4 ఏహెచ్ తెప్పిస్తున్నాను, అదే పైపు కోసి చెప్తాను.