మిషను కొన్నాక మొదటి రెండు వేలు: కత్తెరకా, కొత్త పరికరాలకా?

దారపుండ:
ఇంట్లో కుట్టుపని మొదలుపెట్టినవారికి మిషను కొన్న వెంటనే ఎదురయ్యే ప్రశ్న పరికరాలది. చక్రంలా తిరుగుతూ గుడ్డను కోసే రోటరీ కట్టరు, దాని కింద పరిచే మ్యాటు, వేడి తగిలితే గీత మాయమయ్యే పెన్ను, అరచేతిలో ఇమిడే బుల్లి కుట్టు మిషను, కుట్టేటప్పుడు గుడ్డను అదిమిపట్టే రకరకాల ఫుట్లు, ఇలా వీడియోల్లో చూపించే ప్రతి వస్తువూ లేకపోతే పని సాగదేమో అనిపిస్తుంది. మా ఇంట్లో ఉన్నది కాలితో తొక్కే నల్ల మిషను. జాకెట్లు, పిల్లల గౌన్లు, చీరలకు ఫాల్ కుట్టడం వరకే నా పని. ఇందుకోసం రెండు వేల రూపాయలు పక్కన పెట్టాను. ఆ సొమ్ములో అధికభాగం ఒక మంచి కత్తెరకు వెచ్చించడం మేలా, రోటరీ కట్టరు వంటి కొత్త సాధనాలు కొనడం మేలా? వాడినవారు కారణాలతో సహా చెప్పగోరుతున్నాను.

పాతపెడల్:
దారపుండ గారూ, నా ఓటు నిస్సంకోచంగా కత్తెరకే. జాకెట్టు కుదరకపోవడానికి కారణం చాలాసార్లు కుట్టులో కాక కత్తిరింపులోనే ఉంటుంది. చంక వంపు దగ్గర పావు అంగుళం తేడా వస్తే ఎంత ఖరీదైన ఫుటు కూడా దానిని సరిదిద్దలేదు. తొమ్మిది లేదా పది అంగుళాల పొడవుండి, పిడి పైకి వంగి ఉండే దర్జీ కత్తెర తీసుకోండి. పిడి వంగి ఉండడం వల్ల కింది రెక్క నేల మీద చదునుగా జారుతుంది, గుడ్డ పైకి లేవదు. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ కత్తెరలకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ పాత వాహనాల, రైళ్ల ఇనుప తుక్కులోని ఉక్కుతో తరతరాలుగా కత్తెరలు చేస్తున్నారు. అటువంటి కత్తెర మొద్దుబారినప్పుడు సాన పట్టించుకుంటే చాలు, మళ్లీ కొనవలసిన పని ఉండదు. రోటరీ కట్టరు బ్లేడు సంగతి అలా కాదు. గుండుసూది మీదుగా ఒక్కసారి పోయిందంటే అంచున చిన్న గంటు పడుతుంది, ఆ తరువాత బ్లేడు తిరిగిన ప్రతి చుట్టులోనూ అదే చోట రెండు మూడు పోగులు తెగకుండా మిగిలిపోతాయి. కొత్త బ్లేడు కొనడం తప్ప దానికి వేరే మార్గం లేదు.

మిగిలిన డబ్బుతో సూదులు కొనండి. ఇది ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం. పల్చని పట్టుకు, జార్జెట్‌కు 11వ నంబరు, మామూలు నూలు గుడ్డకు 14, జీన్స్ వంటి మందపాటి వాటికి 16 లేదా 18 వాడాలి. పొట్లం మీద 14 పక్కన 90 అని ఉంటుంది. అంటే సూది కాడ మందం 0.90 మిల్లీమీటర్లు అని అర్థం. మిషనుతో వచ్చిన ఒకే సూదిని విరిగేదాకా వాడి, కుట్లు తప్పిపోతున్నాయని మెకానిక్కును పిలిచేవారే ఎక్కువ.

ఐమూల:
సూదుల విషయంలో పాతపెడల్ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే రోటరీ కట్టరును వారు ఒక్క గంటు పడిన బ్లేడుతో కొట్టిపారేయడం న్యాయం కాదు. గుండుసూదులతో పని చేస్తేనే ఆ గంటు పడుతుంది. రోటరీ కట్టరు వాడేవారు సూదులు గుచ్చరు, గుడ్డ మీద బరువులు పెడతారు. ఈ సాధనాన్ని జపాన్‌లోని ఒసాకాకు చెందిన ఓల్ఫా సంస్థ 1979లో తెచ్చింది. ముక్కలతో బొంతలు కుట్టేవారు దీనిని ఆదరించడానికి కారణం కూడా స్పష్టమే. తిన్నని గీతలు, ఒకే కొలత ముక్కలు, నాలుగైదు పొరలు ఒకేసారి తెగడం, గుడ్డను అసలు పైకి ఎత్తనవసరం లేకపోవడం.

మన జాకెట్ల పనిలో దీని విలువ తెలిసేది అంచు చుట్టూ కుట్టే పైపింగుకు ఐమూలగా పట్టీలు కోసేటప్పుడు. 45 డిగ్రీల గీత ఉన్న పారదర్శకమైన స్కేలు పెట్టి, 45 మిల్లీమీటర్ల బ్లేడుతో కోస్తే మొదటి పట్టీకీ చివరి పట్టీకీ వెడల్పులో తేడా ఉండదు. కత్తెరతో ఐమూల గుడ్డను కత్తిరించేటప్పుడు అది సాగుతూ ఉంటుంది. ఎంత చేయి తిరిగినవారైనా ఒకచోట అంగుళం, మరొకచోట అంగుళం పావు వస్తుంది, మెడ చుట్టూ పైపింగు లావుగా, సన్నగా కనబడేది అందువల్లనే. మెడ, చంక వంపులకు 28 మిల్లీమీటర్ల చిన్న బ్లేడు ఉన్నది. కనుక వంపులు కోయలేదన్న వాదన కూడా నిలవదు.

కాజా:
కత్తెర, కట్టరు వివాదంలోకి నేను దిగను. మిగిలిన వస్తువుల గురించి మాత్రం చెబుతాను.

స్టేప్లరు ఆకారంలో ఉండే బుల్లి చేతి మిషను కొనకండి. అది ఒకే దారంతో గొలుసు కుట్టు వేస్తుంది. బియ్యం బస్తా మూతి కుట్టు ఎలా ఊడుతుందో అందరికీ తెలిసినదే. చివర సరిగా ముడి పడకపోతే ఇదీ ఒక్క లాగుతో అలాగే ఊడిపోతుంది. మీ నల్ల మిషను పై దారాన్నీ బాబిన్ దారాన్నీ గుడ్డ మధ్యలో పెనవేస్తుంది కాబట్టి ఆ భయం లేదు.

వేడికి మాయమయ్యే పెన్ను గురించి మరింత జాగ్రత్త అవసరం. ఆ సిరా పోదు, సుమారు 60 డిగ్రీల వేడిలో రంగు కోల్పోతుంది, అంతే. ఉష్ణోగ్రత సున్నాకు పది డిగ్రీల కిందికి, అంతకన్నా తక్కువకు పడిపోతే గీత తిరిగి కనబడుతుంది. విజయవాడలో ఉండేవారికి ఇది సమస్య కాదు కానీ, మిన్నెసోటాలోనో టొరంటోలోనో ఉన్న కూతురికి పట్టు జాకెట్టు కుట్టి పంపేవారు పైకి కనబడే చోట ఆ పెన్ను వాడకపోవడం మంచిది. గీతలు గీసే మైనపు సుద్ద కూడా పట్టు మీద వద్దు, ఇస్త్రీ వేడికి కరిగి జిడ్డు మరక మిగిల్చే ప్రమాదం ఉన్నది. ఉతికే ముదురు రంగు నూలు గుడ్డ అయితే అరిగి ఎండిన సబ్బు ముక్కను మించినది లేదు, దానికి పైసా ఖర్చు కూడా లేదు.

ఇక కుట్లు విప్పడానికి మనలో చాలామంది సగం బ్లేడు వాడతారు. నేనైతే కుట్లు విప్పే పరికరమే కొనమంటాను. దాని రెండు కొనల్లో ఒకదానికి ఉండే ఎర్రపూస గుడ్డ మీద జారుతూ అడుగు పొర తెగకుండా కాపాడుతుంది, చవక కూడా. మీరు తప్పనిసరిగా కొనవలసిన ఫుటు ఒక్కటే, జిప్పుకూ పైపింగుకూ పనికివచ్చే సింగిల్ ఫుట్. మీ మిషనులో ఫుటును బిగించే కాడ పొడవుకు సరిపోతుందో లేదో పాత ఫుటును వెంట తీసుకువెళ్లి పోల్చి చూసుకోండి.

పాతపెడల్:
ఐమూల గారూ, పట్టీల విషయంలో మీ మాట కాదనను. అయినా ఒక సంగతి మీరు దాటవేశారు. మన ఇళ్లలో కత్తిరింపు ఎక్కడ జరుగుతుంది? నేల మీద, చాప పరిచి, మోకాళ్ల మీద వంగి. రోటరీ కట్టరుకు పై నుంచి బరువు వేస్తూ ముందుకు తోయగలిగిన ఎత్తులో గట్టి బల్ల కావాలి, బల్ల మీద మ్యాటు కావాలి. ఆ మ్యాటు ఎండలో ఉన్నా, దాని మీద వేడి టీ గ్లాసు పెట్టినా వంగిపోతుంది, వంగినది మళ్లీ చదును కాదు. మే నెలలో డాబా ఇంటి కిటికీ పక్కన దానిని కాపాడుకోవడం ఒక పని. జాకెట్టు గుడ్డకు చిన్న మ్యాటు సరిపోతుంది, గౌను ఘేరాకు చాలదు. చాలినంత పెద్దది కొంటే ప్రశ్న వేసినవారి రెండు వేలలో పెద్ద వాటా దానికే పోతుంది. పైగా పిల్లల గౌన్లు కుడతానన్నారు, అంటే ఇంట్లో పిల్లలు తిరుగుతూ ఉండవచ్చు. కోసిన ప్రతిసారీ మూత వేయడం మరచిపోతే తెరిచి ఉన్న ఆ చక్రం కత్తెర కన్నా ఎంతో ప్రమాదకరం.

దారపుండ:
ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు, బల్ల లేదు. జార్జెట్ జారిపోవడానికి కత్తెరతోనే ఏదైనా ఉపాయం ఉన్నదా?

పాతపెడల్:
ఉన్నది. గుడ్డ ఉతకదగినదైతే పల్చని గంజి పెట్టి ఆరబెట్టండి, కాగితంలా నిలుస్తుంది. పెట్టలేనిదైతే అడుగున పల్చని కాగితం పరిచి, రెండింటినీ కలిపి కత్తిరించండి. అయితే దానికి మాత్రం పాత కత్తెర వాడండి. కొత్త కత్తెరను కాగితం దరిదాపులకు రానివ్వకండి.

ఎడమవాటం:
ఇంతసేపూ కత్తెర అంటే అందరికీ ఒకటే అన్నట్లు చర్చ సాగింది. నాది ఎడమచేతి వాటం. కుడిచేతి కత్తెరను ఎడమచేత్తో పట్టుకుని నొక్కితే రెండు రెక్కలూ దగ్గరకు రావడానికి బదులు దూరమవుతాయి, గుడ్డ తెగకుండా మధ్యలో మడత పడుతుంది. అంతేకాదు, పై రెక్క అడ్డం రావడం వల్ల గీసిన గీత కూడా కనబడదు. మంచి కత్తెర కొనమని సలహా ఇచ్చేవారు ఈ సంగతి ఎన్నడూ ప్రస్తావించరు. రోటరీ కట్టర్లలో చాలావాటికి బ్లేడును విప్పి అవతలివైపు బిగించుకోవచ్చు. నా వరకు అది విలాసం ఎంతమాత్రమూ కాదు. నేలమీద కూర్చుని కూడా, చెక్క పలక మీద మ్యాటు పెట్టుకుని జాకెట్లు కోస్తున్నాను, కనుక బల్ల లేకపోతే అసాధ్యమన్న మాట కొంత అతిశయోక్తి.

ఐమూల:
మణికట్టు నొప్పి ఉన్నవారి విషయంలోనూ ఇదే జరుగుతుంది. పెద్ద కత్తెరను పదేపదే తెరిచి మూయడం వారికి కష్టం, తోయడం కొంత తేలిక.

పాతపెడల్:
ఎడమవాటం గారూ, మీ విషయంలో నా సలహా మారుతుంది, ఒప్పుకుంటున్నాను. అయినా ఎడమచేతి కత్తెరలు కూడా దొరుకుతాయి, రెక్కల అమరిక అద్దంలో చూసినట్లు తిరగబడి ఉంటుంది. అటువంటిది కొంటే సాన పట్టేవారికి ఇచ్చేటప్పుడు రెక్కల అంచుకు ఉన్న వాలును అలాగే ఉంచమని ముందుగా చెప్పండి. అలవాటు కొద్దీ మామూలు వైపు నుంచి అరగదీస్తే ఆ కత్తెర మీకూ పనికిరాదు, మాకూ పనికిరాదు.