కొత్తగా మచ్చికైన అడవి గుర్రంతో పోటీకి దిగాలంటే ఏం చూసుకోవాలె?

తబేలా_హన్మకొండ:

అందరికీ నమస్తే. మా నాయిన వరంగల్ స్టేషన్ నుంచి చౌరస్తా దాకా టాంగా నడిపిండు. నేను పెళ్లిళ్లకు, బరాత్‌లకు గుర్రాలు పెడుత. మాఘం, శ్రావణం వస్తే మాకు నిద్ర ఉండది. గుర్రం సంగతి తెల్వనోన్ని కాదు గానీ, ఇప్పుడొచ్చిన ముచ్చట నా లెక్కకు అందుతలేదు.

మా అక్క కొడుకు టెక్సస్‌ల, ఫోర్ట్ వర్త్ దగ్గర ఉంటడు. సాఫ్ట్‌వేర్ కొలువు. శని, ఆదివారాలు ఒక రాంచ్‌ల సవారీ చేస్తడు. చిన్నప్పుడు మా తబేలాలనే ఉలవ గుగ్గిళ్లు గుర్రాలకు సగం, వాడికి సగం. ఇప్పుడు ఆ రాంచ్ ఓనర్ ఆసరాతోటి మస్టాంగ్‌ల, అంటే అమెరికా అడవి గుర్రాల పోటీకి పేరిచ్చిండు, ఒప్పుకున్నరు. చీటీల వాడి వంతుకు ఒక నాలుగేండ్ల మగ గుర్రం వచ్చింది. గోధుమ ఎరుపు ఒళ్లు, నల్ల జూలు. నెవాడా కొండలల్ల పుట్టింది. మూడు నెలల చిల్లర టైములనే మచ్చిక చేసి, అందరి ముంగట సవారీ చూపియ్యాలంట.

ఇంటికాడ అంతా మంచిగనే ఉన్నదట. జీను వేయించుకుంటది, నాలుగు కాళ్లు ఇస్తది, దుల్కీల, అంటే చిన్న పరుగుల పోతది. పోయిన వారం పక్క ఊరి మైదానానికి తీస్కపోతే ట్రెయిలర్ దిగంగనే ఒళ్లంతా చెమట, ఒకటే సకిలింపు. నేర్పింది ఏదీ యాదికి లేనట్టే చేసిందట.

నేను చెప్పింది ఒక్కటే. మన బరాత్ గుర్రాలకు చేసినట్టు, పాత గుర్రం పక్కన కట్టి బ్యాండు నడుమ నిలబెట్టు, రెండు మూడు సార్లకు అదే దారికొస్తది అన్న. వాడేమో "మామా, ఇక్కడ గట్ల నడవది" అంటడు. ఎవరిది కరెక్టు? ఇంకోటి, పోటీ అయినంక గుర్రాన్ని వేలం వేస్తరట, నిజమేనా? వాడు దాన్ని ఇడిచి ఉండలేడని మా అక్క ఫోన్‌ల ఒకటే రంది.

జగిత్యాల_డాలస్:

అన్నా, వేలం మాట నిజమే. 2007లో ఫోర్ట్ వర్త్‌లో మొదలైన ఎక్స్‌ట్రీమ్ మస్టాంగ్ మేకోవర్ అనే పోటీ ఉద్దేశమే అది. సుమారు వంద రోజులు మచ్చిక చేయించి, జనానికి చూపించి, ఆ గుర్రాలకు ఇండ్లు దొరికేటట్టు చేయడం. ఇప్పటి పోటీలు చాలా వరకు ఆ పద్ధతిలోనే నడుస్తున్నయ్. అయితే శిక్షణ ఇచ్చినోళ్లు కూడా వేలంలో పాట పాడొచ్చు. మీవాడు ఇప్పట్నుంచే కొంత పైసలు పక్కన పెట్టుకుంటే మంచిది. ఏ పోటీకి ఆ పోటీ షరతులు వేరే ఉంటయి కాబట్టి సంతకం పెట్టిన కాగితం ఇంకోసారి చదువుకోమనండి.

ఇంకో సంగతి. 1971లో వచ్చిన చట్టం ప్రకారం ఈ గుర్రాలు అమెరికా ప్రభుత్వ రక్షణలో ఉంటయి. ఎక్కువ మందలను బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే అక్కడి ప్రభుత్వ భూముల శాఖ చూసుకుంటది. దత్తత తీసుకున్నా ఏడాది దాకా యాజమాన్య పత్రం రాదు, అప్పటిదాకా అమ్ముకునే హక్కు లేదు. మెడకు ఎడమ పక్క, జూలు కింద తెల్లటి గీతలు ఉంటయి చూడండి. బాగా చల్లబరిచిన ఇనుముతో ముద్ర వేస్తే అక్కడ వెంట్రుకలు తెల్లగా మొలుస్తయి. ఆ గీతలు చదివితే గుర్రం ఏ ఏడు పుట్టిందో తెలుస్తది.

వేలం నాడు చాలామంది ఏడుస్తరు, పెద్ద పెద్ద మీసాలోళ్లు కూడా. అక్కకు ముందే చెప్పిపెట్టండి.

రిటైర్డ్_సవార్_నర్సంపేట:

తమ్మీ, నేను హైదరాబాద్ పోలీసు గుర్రాల దళంల సర్వీసంతా చేసిన. గోషామహల్ తబేలాలకు కొత్త గుర్రం వచ్చిందంటే దాన్ని బందోబస్తుకు తయారు చేసుడు మా పని. నువ్వు చెప్పింది సగం నిజం. పాత గుర్రం పక్కన ఉంటే కొత్తది నిమ్మళంగనే ఉంటది. కానీ పోటీల ఆ పాత గుర్రం లోపలికి రాదు కదా. గేటు మూసినంక మీవాడు, ఆ గుర్రం, జడ్జి. అంతే.

నీ బరాత్ గుర్రానికీ దీనికీ ఇంకో తేడా ఉన్నది. నీది పిల్లప్పటి నుంచి మనుషుల నడుమ పెరిగింది. దానికి బ్యాండు ఒక్కటే కొత్త. నెవాడా గుర్రానికి అన్నీ కొత్తనే. పైకప్పు కొత్త, సిమెంటు నేల కొత్త, బకెట్ల నీళ్లు కొత్త. దాన్ని తెచ్చి డీజే ముంగట కట్టేస్తే కదలకుండ నిలబడుతది. నువ్వు అలవాటైంది అనుకుంటవు. అది భయంతోటి కొయ్యబారి నిలబడ్డది. చెవులు కదలవు, కంటి రెప్ప పడది, దాణా పెడితే ముట్టది. గట్ల నిలబడ్డ గుర్రమే ఏదో ఒకనాడు ఉన్నట్టుండి మీదికి లేస్తది. చార్మినార్ కాడ ఒకటి రెండు చూసిన.

ఇగ మైదానంల అన్నీ మరిచిపోయినట్టు ఎందుకు చేసిందంటవా? గుర్రం ఏది నేర్చుకున్నా జాగతోని కలిపి నేర్చుకుంటది. ఇంటికాడి దొడ్డిల ఎడమకు తిరుగు అంటే తిరిగింది, కానీ అండ్ల ఆ కంచె, ఆ చెట్టు, ఆ నీడ కూడ కలిసి ఉన్నయి. బడిల గడగడ ఎక్కాలు చెప్పే పిల్లగాడు ఇన్స్‌పెక్టర్ సారు రాంగనే నోరు తెరవనట్టు. వాడికి ఎక్కం రాక కాదు.

అందుకే మీ మేనల్లునికి చెప్పు. కొత్త ఇద్దెలు నేర్పుడు బందు పెట్టమను. ఉన్న టైమంతా కొత్త జాగలకు తీస్కపోవుడు మీద పెట్టమను. తీస్కపోయి సవారీ చెయ్యొద్దు. దించాలె, చేతితోటి నడిపియ్యాలె, గడ్డి పెట్టాలె, అది తల దించి మేసి, పెదవులు నాకి, పెద్ద శ్వాస ఇడిచిందాక ఆగాలె, మళ్ల ఎక్కియ్యాలె. అంతే, ఇంటికి. రెండోసారి జీను వేసి నడక. దుల్కీ ఆ తర్వాత. మా దగ్గర డబ్బాలు కొట్టుడు, జెండాలు ఊపుడు, పొగ పెట్టుడు అన్నీ ఉండేవి, కానీ దూరం నుంచి మొదలుపెట్టేది. గుర్రం చూసి ఊకుంటే ఒక అడుగు దగ్గరికి, ఊకోకుంటే రెండడుగులు వెనక్కి. కొత్త సిపాయిలకు ఈ వెనక్కి పోవుడంటే నామోషీ. వాళ్లకు అదే ముందుగాల నేర్పేది.

పోటీల అన్నిటికన్న అధ్వాన్నమైంది లోపలి రింగు కాదు, బయట గుర్రాలను తయారు చేసుకునే జాగ. అక్కడ ఎదురెదురుగ గుర్రాలు ఉరుకుతుంటయి. అడవి గుర్రానికి ఇంకో గుర్రం ఎదురుంగ ఉరికొచ్చిందంటే రెండే అర్థాలు, కొట్లాట లేకపోతే పులి. రాంచ్‌ల నలుగురు సవార్లను బతిమాలి, ముందు దూరంగ, తర్వాత దగ్గరగ ఎదురు నడక చేయించమను. పోటీ నాడు పొద్దుగాల జనం రాకముందే ఆ జాగ అంతా చేతితోటి తిప్పి చూపియ్యమను.

చూపియ్యాల్సిన వరుస మొత్తం ఒక్కతీరుగ రోజూ చేయించొద్దు. గుర్రం ముందే కనిపెట్టి, చెప్పకముందే తిరుగుతది. ముక్కలు ముక్కలుగ, తారుమారుగ చేయించాలె.

ఆఖరుకు ఒకటి. నాకు ఆ ఫ్రీస్టైల్ అంటే గిట్టది. పాట పెట్టి, కొరడా ఛెళ్లుమనిపించి, గుర్రం వీపు మీద నిలబడుడు. వీడియోలల్ల చూసిన. మూడు నెలలే మచ్చికైన గుర్రంతోటి అది చేసేటోళ్లు ఉన్నరు, గొప్పోళ్లే, కాదన. మీవాడు మాత్రం మెల్లగ నడిచి, శుభ్రంగ ఆగి, రెండడుగులు వెనక్కేసి, గేటు దగ్గరేసి బయటికొస్తే చాలు. జడ్జికి తెలుస్తది.

మామునూరు_వెటర్నరీ:

నేను మామునూరు వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను. గుర్రాలు మాకు తక్కువే వస్తాయి, అయినా రెండు మాటలు.

భయాన్ని కళ్లతో అంచనా వేయడం కష్టమైతే గుండె వేగం చూడమనండి. ఊరికే నిలబడ్డ పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. దవడ ఎముక కింది అంచున రక్తనాళం మీద వేలు పెట్టినా తెలుస్తుంది. ఇంటి దగ్గర తీరికగా ఉన్నప్పుడు లెక్క రాసిపెట్టుకుని, కొత్త చోట దించి కాసేపాగాక మళ్లీ చూడాలి. బాగా ఎక్కువే ఉంటే ఆ రోజు సవారీ వద్దు. పైకి ప్రశాంతంగా కనిపించే గుర్రాల విషయంలో ఇది మరీ పనికొస్తుంది. సవార్ గారు చెప్పిన కొయ్యబారే రకం ఇక్కడే దొరికిపోతుంది.

ఇంకా, పోటీ దగ్గర పడుతోందని దాణా ఒక్కసారిగా పెంచొద్దు. అది గడ్డి మీద బతికిన కడుపు. గింజలు ఒక్కసారి ఎక్కువైతే కడుపునొప్పి, గిట్టల లోపలి వాపు రావచ్చు. ఒంటి పుష్టికి 1 నుంచి 9 దాకా మార్కులు వేసే హెన్నెకీ పద్ధతి ఉంది, 1983లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయంలో రూపొందింది. 5 దగ్గర ఉంటే సరిపోతుంది. బయటికి తీసుకెళ్లేముందు కాగిన్స్ అనే, గుర్రాల అంటురోగం చూసే రక్తపరీక్ష కాగితం చేతిలో ఉండాలి, చాలా చోట్ల అది లేకుండా లోపలికి రానివ్వరు.

తబేలా_హన్మకొండ:

సవార్ సాబ్, మీ ముచ్చట మొత్తం వాడికి ఫోన్‌ల చదివి వినిపించిన. "నేను చెప్తే వినలే, ఆయన చెప్తే విన్నవా మామా" అని నవ్విండు. కానీ ఒక్క మాట ఒప్పుకోను. నా గుర్రాలు కొయ్యబారి నిలబడయి. బ్యాండు మోగుతుంటే నా తెల్ల గుర్రం పెళ్లికొడుకు మెడల మల్లెలు పీకి తింటది. భయమున్న గుర్రం పూలు తింటదా?

వాడు ఇప్పుడు ఇంకో రెండు మైదానాలు మాట్లాడుకున్నడు, ఊకె దించి గడ్డి పెట్టి తెచ్చుడే. ఎదురు నడకకు ఓనర్ బిడ్డ, ఆమె దోస్తులు వస్తమన్నరట. ఇప్పుడు వాడి అనుమానమేందంటే, ఆ రోజు గుర్రం బయటనే బెదిరితే లోపలికి పోవాల్నా, పేరు వెనక్కి తీసుకోవాల్నా? ఇన్ని నెలల కష్టం. ఇంకోటి, నాడాలు కొట్టియ్యాల్నా?

రిటైర్డ్_సవార్_నర్సంపేట:

పూలు తినే గుర్రమైతే సలాం. అది నిజంగనే నిమ్మళంగ ఉన్నది, నా మాట వాపస్.

బెదిరితే ముందు కిందికి దిగమను. చేతితోటి తిప్పాలె. తన పేరు పిలిచేలోపల తల దించి, తాడు వదులైతే ఎక్కి పోవాలె. కాకుంటే పోవద్దు. చేతితోటి నడిపే పరీక్షలు, తాడు వేసుడు, కాళ్లు ఎత్తుడు, ట్రెయిలర్ ఎక్కుడు వేరే ఉంటయి కదా, అవి చేసి సవారీది ఇడిచిపెట్టొచ్చా అని నిర్వాహకులను ఇప్పుడే అడిగి పెట్టుకోమను. ఆ రోజు అడిగితే ఎవరికీ తీరిక ఉండది. బెదిరిన గుర్రాన్ని వేలంల ఎవరు కొంటరు, కొని ఎట్ల చూస్తరు అన్నది కూడ జర ఆలోచన చెయ్యమను.

నాడాలు వద్దు. కొండల మీద తిరిగిన గిట్ట, గట్టిగనే ఉంటది. మైదానంల ఇసుకనే కదా. అంచులు పగులకుండ రాకిపిస్తే చాలు. అది కూడ పోటీకి వారం ముంగటనే చేయించాలె, ముందురోజు వద్దు. కొత్తగ రాకిన గిట్టతోటి కొన్ని గుర్రాలు కుంటినట్టు నడుస్తయి.