చేలో మొక్క లేని కాలంలో పురుగుమందు అడిగితే కొట్టువాళ్లం ఏం చెయ్యాలి?

మిరప_కొట్టు:

అందరికీ నమస్కారం. మాది వినుకొండ వైపు ఒక ఊరు. మా మావయ్య పెట్టిన ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. ఆయన పోయాక ఏడేళ్లుగా బల్ల దగ్గర నేనే కూర్చుంటున్నాను. ఎవరికెంత బాకీ, ఎవరి తోటలో బొబ్బర తెగులు పడింది, ఎవరింట్లో సంబంధం తప్పిపోయింది, అన్నీ ముందు నాకే తెలుస్తాయి.

2025 మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం రెండున్నరకి, ఎండకి బజార్లో పురుగు లేదు, ఒకాయన వచ్చాడు. నాకు వరసకి బాబాయి. మూడెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేసినవాడు. ఆ ఏడు ధర సంగతి మీకు తెలిసిందే. క్వింటా ఇరవై వేలు చూసిన కళ్లకి, ఫిబ్రవరిలో కేంద్రం 11,781 అని ప్రకటించడమే పెద్ద వార్త అయింది. ఆయన టిక్కీలు, అంటే మిరప బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పడున్నాయి.

"అమ్మాయ్, చిన్న సీసా ఒకటి ఇవ్వు" అన్నాడు. "ఏ మందు బాబాయ్?" అంటే "ఏదైనా పర్లేదు" అన్నాడు. చేలో మొక్క లేదు, నారు పొయ్యడానికి ఇంకా రెండు నెలలు ఉంది. ఎప్పుడూ ట్యాంకుకి ఎంత కలపాలో రెండుసార్లు అడిగి, పది రూపాయల దగ్గర పేచీ పెట్టి, చివరికి ఖాతాలో రాయమనే మనిషి. ఆ రోజు నోటు తీసి బల్ల మీద పెట్టాడు, చిల్లర ఊసే ఎత్తలేదు. కాళ్లకి చెప్పులు లేవు. ఆ ఎండలో.

నా గుండె జారిపోయింది. "స్టాకు లేదు బాబాయ్, సాయంత్రం లోడొస్తుంది, కూర్చో" అన్నాను. నా వెనకే అల్మరా నిండా సీసాలు! ఆయన చూశాడు కూడా అనుకుంటా, ఏమీ అనలేదు. మజ్జిగ ఇచ్చి, లోపలికెళ్లి పిన్నికి ఫోన్ చేశాను. గంటన్నర కూర్చున్నాడు. "టిక్కీలు అక్కడే ఉన్నాయమ్మాయ్, కానీ అవి ఇప్పుడు నావి కావు" అన్నాడొకసారి. తర్వాత అల్లుడు బండి మీద వచ్చి తీసుకెళ్లాడు. ఇప్పుడు కొంచెం తేరుకున్నాడు.

మా ఆయనేమో "మనం కొట్టు పెట్టింది అమ్ముకోవడానికి, ఆరాలు తియ్యడానికి కాదు" అంటాడు. నా అనుమానాలు ఇవి. ఇలాంటప్పుడు మనిషిని నేరుగా అడగొచ్చా, లేక లేని ఆలోచన మనమే పుట్టించినట్టు అవుతుందా? ఇళ్లలో మిగిలిపోయే సగం సీసాల సంగతేంటి? అటక మీద, బియ్యం డ్రమ్ము వెనక, ఒకింట్లో దేవుడి గూటి కింద కూడా చూశాను. ఇంకా, జరగరానిది జరిగితే 108 వచ్చేలోపు ఏం చెయ్యాలి?

ఎరువుల_శీను:

మేడమ్, నేనూ ఈ వ్యాపారమే. మీరు లేదంటే పక్క ఊళ్లో నాలుగు కొట్లున్నాయి, అక్కడికెళ్తాడు. వచ్చే ప్రతి మనిషి మొహం చూస్తూ కూర్చుంటే సీజన్లో కొట్టు నడుస్తుందా? బిల్లు రాశామా, లైసెన్సు సరిగ్గా ఉందా, అంతవరకే మన పని. తప్పుగా అనుకోవద్దు.

రాత్రి_డ్యూటీ:

శీనుగారూ, ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో ఇరవై రెండేళ్లు నర్సుగా చేశాను. మీరన్న ఆ పక్క ఊరికి వెళ్లేలోపే చాలామందికి మనసు మారుతుందండీ. బతికి బయటపడ్డవాళ్లు నాతో చెప్పింది ఎక్కువగా ఇదే: ముందు రోజు దాకా ఆ ఊహే లేదు, ఇంట్లో మాటా మాటా పెరిగింది, చేతికందేచోట సీసా ఉంది. అందుకే ఈమె చెప్పిన అబద్ధం చిన్న పని కాదు.

అమ్మా, అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. చుట్టూ తిప్పి కాకుండా "బాబాయ్, చచ్చిపోవాలని ఏమన్నా అనిపిస్తోందా?" అని మెల్లగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. అవునంటే ఒంటరిగా వదలొద్దు. తిట్టొద్దు, "పిల్లల మొహం చూడు" అనొద్దు. పిల్లల మొహం చూడలేకే కదా ఆ మనిషి అలా అయింది. 14416, టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ నంబరు, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీ ఫోన్‌లోంచే కలిపి ఇవ్వండి.

ఇక మూడో ప్రశ్న. మన ఊళ్లలో ముందుగా చేసేదే పెద్ద తప్పు. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, చింతపండు రసం పట్టించి వాంతి చేయిస్తారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోట్లో ఏమీ పొయ్యొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. మందు పడ్డ బట్టలు తీసేసి ఒళ్లంతా సబ్బుతో కడగండి. కడిగేవాళ్లు చేతులకి కవర్లయినా కట్టుకోండి. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తేవద్దు, తల వాలిపోయి ఊపిరి ఆడదు. ఆటో అయినా సరే, పడుకోబెట్టి తేవాలి. సీసా లేబుల్‌తో సహా పట్టుకురండి. ఒకసారి ఒకాయన కొడుకు "నీలం మూత సీసా" అని మాత్రం చెప్పాడు, అది ఏ మందో తేల్చడానికి మాకు ఎంతసేపు పట్టిందో! ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ల విషాల సమాచార కేంద్రం కూడా ఉంది, 1800 116 117.

ఇంకొకటి. రెండో రోజు లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడని ఇంటికి తీసుకెళ్లిపోతారు. కొన్ని పురుగుమందులకి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ నిలబడక, ఊపిరి తీసే కండరాలు మళ్లీ నీరసపడతాయి. డాక్టరు పంపేదాకా కదలొద్దు. పోలీసు కేసని దాచి ఆలస్యం చేసేవాళ్లూ ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్ష వెయ్యకూడదు. పోలీసు వచ్చి రాసుకుంటాడు, భయపడకండి.

బోరుకాడ:

అక్కా, మాది పరకాల దిక్కు. పత్తి రైతును. నేను గసొంటి మనిషినే. 2016ల. నన్ను ఎవ్వలు అడగలే. షాపాయన బిల్లు గూడ ఇచ్చిండు. బతికిన, ఎట్లనో బతికిన. దవాఖానల కండ్లు తెరిచినంక మా బిడ్డ ఏం అడిగిందో ఎరుకేనా? "బాపూ, ఆకలైతుందా" అన్నది. గంతే.

బాకీ గట్లనే ఉండె. తర్వాత తీరింది, మల్ల అయింది, మల్ల తీరుస్తున్న. ఇప్పుడు మా ఇంట్ల ఒక్క డబ్బ గూడ ఉండది. ఎన్ని ట్యాంకులు కొడ్తనో గన్నే తెచ్చి గా రోజే కొడ్త. మిగిల్తె బోరుకాడ ఇనుప డబ్బల, తాళం మా ఇంటామె దగ్గర. నా మొలతాడుకు కట్టుకుంటే ఏం లాభం చెప్పు?

పొలం_పెద్దాయన:

వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యాను. బోరుకాడ తమ్ముడు చెప్పిన తాళం మాట అసలు విషయం. శ్రీలంకలో అనురాధపుర ప్రాంతంలో 180 ఊళ్లు తీసుకుని, సగం ఊళ్లలో ఇంటింటికీ తాళం పెట్టెలిచ్చి, మిగతా సగంతో పోల్చి చూశారు. 2017లో ఫలితం వచ్చింది, తేడా ఏమీ కనబడలేదు. పెట్టె ఇంట్లోనే, తాళంచెవీ ఇంట్లోనే ఉంటే ఇక దూరం ఎక్కడుంది? అదే తమిళనాడులో కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర రెండు ఊళ్లలో మందులన్నీ ఊరుమ్మడి గదిలో, ఎవరి అర వాళ్లకి పెట్టి దాచుకున్నారు. చేసింది చెన్నైలోని స్నేహ సంస్థ డాక్టర్ లక్ష్మీ విజయకుమార్‌గారి బృందం. చిన్న ప్రయత్నమే, కానీ అక్కడ పురుగుమందు తాగి చనిపోయేవాళ్లు తగ్గారు.

అయితే అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది, బాగా ప్రమాదకరమైన మందుల్ని అసలు బజార్లో లేకుండా చెయ్యడం. శ్రీలంక 1995 నుంచీ అలా తీసేస్తూ వచ్చింది. ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది. పంట దిగుబడి పడిపోలేదు. కేరళ కూడా 2011లో కొన్నిటిని ఆపేసింది. మీ అల్మరాలో లేబుల్ మీద ఎర్ర త్రికోణం, అంటే అన్నిటికన్నా ఎక్కువ విషమనే గుర్తు, ఉన్నవి ఎన్నో లెక్కపెట్టి, వాటికి బదులుగా ఏమున్నాయో రైతుకి చెప్పండి. మీరు మొదలుపెట్టగలిగేది అక్కడే. విడిగా కొలిచి పొయ్యొద్దు. కూల్‌డ్రింక్ సీసాలో పోసుకెళ్తానంటే అస్సలు ఒప్పుకోవద్దు. ఎంత మంది పిల్లలు దాహమనుకుని తాగారో నాకు తెలుసు.

ఎరువుల_శీను:

నర్సమ్మగారూ, మీరన్నది రాత్రంతా బుర్రలో తిరిగింది. మా కొట్లో చిన్న కుర్రాడికి చెప్పాను, పంట లేని నెలలో ఎవరన్నా పేరు చెప్పకుండా మందు అడిగితే నన్ను పిలవమని. ప్రస్తుతానికి అంతవరకూ చేస్తాను.

మిరప_కొట్టు:

అందరికీ దండాలు. జులై మొదటి వారం ఇది, ఏం చేశానో చెబుతాను. చుట్టుపక్కల ఐదు కొట్లవాళ్లం వాట్సాప్ గ్రూపు పెట్టాం. "స్టాకు లేదు" అని ఒకరు పెడితే మిగతావాళ్లూ అదే మాట చెప్పాలి, పేరు మాత్రం రాయకూడదు. సీలు తియ్యని సీసా నెలలోపు తెస్తే డబ్బు తిరిగి ఇస్తానని బోర్డు రాశాను, ఇప్పటికి పదకొండు వచ్చాయి. సగం వాడినవి నేను తీసుకోలేను. వాటికోసం ఊరి చివర మా పాత గొడౌన్లో మావయ్య ఇనుప బీరువా ఖాళీ చేశాం. మోసుకెళ్లి పెట్టింది మా ఆయనే. ఒక్క మాట అనలేదు, చెమట తుడుచుకుని "కీలు కిర్రుమంటోంది, నూనె వెయ్యాలి" అన్నాడంతే. తొమ్మిది ఇళ్లవాళ్లు పెట్టారు. దేవుడి గూటివాళ్లు ఇంకా ఒప్పుకోలేదు, ముసలమ్మని మళ్లీ అడుగుతాను.

బాబాయిని ఆ తర్వాత నేరుగానే అడిగాను. చాలాసేపు నేల చూసి "అనిపించింది" అన్నాడు. 14416కి కలిపిచ్చి నేను బయటికొచ్చేశాను. ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మళ్లీ రెండుసార్లు తనే చేసుకున్నాడని పిన్ని చెప్పింది.

నిన్న కంది విత్తనాలకి వచ్చాడు. చెప్పులేసుకుని. పది రూపాయలు తగ్గించమని పావుగంట పేచీ పెట్టి, ఖాతాలో రాయమన్నాడు.