జిప్సీకి చవగ్గా 2 అంగుళాల లిఫ్ట్: షాకిల్సా, పట్టీయా, స్ప్రింగ్ ఓవరా?

రేగడిదారి: బండి మారుతి జిప్సీ కింగ్, ఎంపీఎఫ్ఐ (పెట్రోల్ ఇంజెక్షన్ ఇంజను). కంపెనీ సైజు 205/70 ఆర్15 తీసేసి 235/75 ఆర్15 టైర్లు వేయాలని ఉంది. గుంటలో దిగితే ఫెండరుకు రాసుకుంటాయి కాబట్టి 2 అంగుళాలు లేపాలి. కిట్టు కొనేంత డబ్బు పెట్టను. నాలుగు పొడవాటి షాకిల్స్ (కమాన్ కట్ట, అంటే ఉక్కు పట్టీల స్ప్రింగు, చివరను ఛాసిస్‌కి కలిపే ప్లేట్లు) చేయించి బిగిస్తే సాయంత్రానికి పనైపోతుందని ఒకరు, కట్టలో ఇంకో పట్టీ వేయించమని ఇంకొకరు, ఎటూ విప్పుతున్నావుగా స్ప్రింగ్ ఓవర్ (కట్టను ఆక్సిల్, అంటే ఇరుసు, కింది నుంచి పైకి మార్చడం) చేసెయ్యమని మరొకరు. ఏది సబబు?

కమాన్‌కట్ట: షాకిల్స్‌తో 2 అంగుళాలంటే ఎంత పొడవు కావాలో లెక్క వేశారా? షాకిల్ ఎంత పెరిగితే అందులో సగమే బండి లేస్తుంది. కట్ట రెండో చివర ఛాసిస్‌కే ఉంటుంది, ఆక్సిల్ మధ్యలో ఉంటుంది మరి. 50 మి.మీ. లేవాలంటే బోల్టు నుంచి బోల్టుకు 100 మి.మీ. అదనం పెట్టాలి. అంత పొడవు షాకిల్ మలుపులో పక్కకు ఊగుతుంది.

అంతకన్నా పెద్ద గొడవ ముందు చక్రాల దగ్గర. జిప్సీకి ముందు షాకిల్ కట్ట ముందు చివర ఉంటుంది. దాన్ని పొడిగిస్తే ఆ చివర కిందికి దిగి ఆక్సిల్ మొత్తం ముందుకు తిరుగుతుంది. కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే నిలువు కీలు) పైభాగం వెనక్కి వాలి ఉండాలి, కాస్టర్ అంటే అదే. తిప్పిన స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రావడానికి అదే ఆధారం. కట్ట పొడవు ఒక మీటరు అనుకుంటే, ఒక చివర 50 మి.మీ. దిగినా దాదాపు 3 డిగ్రీలు పోయినట్టే. కంపెనీ ఇచ్చేదే కొద్ది డిగ్రీలు. ఇక హైవే మీద బండి తాగినోడిలా అటూ ఇటూ పోతుంది.

లోగేర్: ముందు షాకిల్ వద్దు, ఒప్పుకుంటా. వెనక మాత్రం మరీ అంత పాపం కాదండీ. 50 మి.మీ. పెంచి 25 మి.మీ. లేపుకోవచ్చు. ప్లేటు 8 మి.మీ. మందం తగ్గకూడదు, రెండు ప్లేట్లనీ మధ్యలో పైపు ముక్కతో కలిపి వెల్డింగ్ చేయాలి. వెనక పినియన్ (ఆక్సిల్‌లో షాఫ్ట్ వచ్చి కలిసే మూతి) కాస్త పైకి చూస్తుంది. షాఫ్ట్ రెండు చివరలా మామూలు క్రాసులే (యూనివర్సల్ జాయింట్లు) కాబట్టి ఆ రెండు కోణాలూ సమానంగా ఉండాలి. తేడా ఎక్కువైతే స్పీడులో వణుకు, ఆ తర్వాత క్రాసులు పోవడం. 25 దాకా చాలావరకు సర్దుకుంటుంది.

ఐదంగుళాలు: పట్టీలు, షాకిల్స్ అంటూ అంగుళం అంగుళం ఏరుకోవడం దేనికి? కట్టలు ఆక్సిల్ కింద ఉన్నాయి, పైకి మార్చండి. దాదాపు 5 అంగుళాలు వస్తుంది, కొత్త పట్టీ ఒక్కటీ కొననక్కర్లేదు. స్ప్రింగ్ కూర్చునే సీట్లు నాలుగు, యు బోల్టులు (కట్టను ఆక్సిల్‌కి బిగించేవి), ఒక రోజు వెల్డింగ్. కట్ట మెత్తగా ఉంటుంది కాబట్టి చక్రం గుంటలోకి బాగా దిగుతుంది కూడా. అంగుళానికి ఎంత పడిందో చూస్తే దీనికన్నా చవక లేదు.

కమాన్‌కట్ట: ఆ లెక్కలో సగం బిల్లు దాచేశారు. 5 అంగుళాలు లేస్తే డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాలకు వెళ్లే రాడ్డు) బాగా ఏటవాలు అవుతుంది, చక్రం గుంటలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ తనే తిరుగుతుంది. దానికి స్టీరింగ్ ఆర్మ్ మార్చాలి. నాలుగు షాక్ అబ్జార్బర్లు, పొడవు బ్రేక్ హోసులు, షాఫ్టులకు స్పేసర్లు, బంప్ స్టాపులు (కట్ట మరీ నొక్కుకోకుండా ఆపే రబ్బర్లు) కావాలి. ఆక్సిల్ కట్ట కింద వేలాడుతుంది కాబట్టి లో గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే కట్ట ఎస్ ఆకారంలో మెలి తిరుగుతుంది. సీటును ఒకే ఊపులో వెల్డింగ్ చేస్తే ఆక్సిల్ ట్యూబు వంగుతుంది. చక్రాల మధ్య వెడల్పు 1.3 మీటర్లే ఉన్న బండిని అంత ఎత్తు లేపి పక్కవాలులో నడపడం సంగతి సరే సరి.

ఐదంగుళాలు: ట్రైల్ మీదే తిరిగే బండికి అవన్నీ పెట్టదగ్గ ఖర్చులే. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికైతే నేనూ చెప్పను.

నాగలిచాలు: అసలు లేపేది దేనికో ఎవరూ అడగలేదు. ట్రాక్టర్లు తిరిగిన నల్లరేగడి బాటలో రెండు చాళ్ల మధ్య దిబ్బ ఉంటుంది. దానికి ముందు తగిలేది ఛాసిస్ కాదు, డిఫరెన్షియల్ గుండు (ఆక్సిల్ మధ్యలోని గేర్ల డబ్బా). బురదలో అది నాగలిలా దున్నుకుంటూ పోయి బండి ఆగుతుంది. షాకిల్ వేసినా, పట్టీ వేసినా, 5 అంగుళాలు లేపినా ఆ గుండు ఒక్క మి.మీ. లేవదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే.

లెక్క ఇదీ: 205/70 ఆర్15 వ్యాసం 668 మి.మీ., 215/75 ఆర్15ది 703.5, 235/75 ఆర్15ది 733.5. గుండు లేచేది తేడాలో సగం, అంటే దాదాపు 18 మి.మీ., లేదా 33 మి.మీ. అయితే 235తో గేరింగ్ 10 శాతం బరువెక్కుతుంది, 1.3 లీటర్ల ఇంజనుకు ఘాట్‌లో అది తెలిసిపోతుంది. స్పీడోమీటరు 100 చూపిస్తే నిజంగా 110. పైగా నిండుగా తిప్పినప్పుడు కట్టకు రాసుకోవడం లిఫ్ట్‌తో పోదు, స్టాపర్ బోల్టు (చక్రం ఎంతవరకు తిరగాలో ఆపేది) బయటికి తీయాలి, మలుపు పెద్దదవుతుంది. నా ఓటు 215కి, ఒకటిన్నర అంగుళాల లిఫ్ట్‌కి.

రేగడిదారి: 215 అయితే నాకు సరే. పట్టీ పని ఎలా చేయించాలి?

కమాన్‌కట్ట: లారీ కమాన్ కట్టలు చేసే షాపులో చెప్పండి, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇది వాళ్ల రోజువారీ పని. పాత మెయిన్ పట్టీలు వాలిపోయి ఉంటే కొత్తవి వేసి, వాటి కింద ఎక్కువ వంపున్న పట్టీ ఒక్కొక్కటి కలపాలి. పాతవాటినే సుత్తితో కొట్టి వంపు తెప్పిస్తే కొన్నాళ్లకు మళ్లీ కూర్చుంటాయి. గ్యాస్‌తో కాల్చి వంచుతామంటే అక్కడినుంచి వచ్చేయండి, టెంపర్ (ఉక్కుకు స్ప్రింగు గుణం ఇచ్చేది) పోయిన పట్టీ కూర్చుంటుంది, విరుగుతుంది కూడా. పట్టీ కలిపితే నడక గట్టిపడుతుంది, ఆ మాట ముందే తెలుసుకోండి.

ముందురోజు రాత్రే యు బోల్టులకు ఆయిల్ పట్టించండి. జాక్ ఆక్సిల్‌కి కాదు, ఛాసిస్‌కి పెట్టి స్టాండ్ల మీద నిలపండి. కట్టకు రెండు పక్కలా సి క్లాంపులు బిగించాకే సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ కలిపి పట్టేది) విప్పాలి, లేకపోతే పట్టీలు ఎగిరి ముఖానికి తగులుతాయి. పాత యు బోల్టులు మళ్లీ వాడొద్దు, సాగిపోయి ఉంటాయి. షాకిల్ బుష్ బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే టైట్ చేయాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది.

లోగేర్: రెండు కలుపుతాను. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బ్రేక్ హోస్ లాగుతోందా, షాక్ అబ్జార్బర్ ముందే ఆగిపోతోందా చూడండి. వెనక బరువును బట్టి బ్రేక్ తగ్గించే వాల్వు ఉంటే, లేచిన బండిని అది ఖాళీ బండి అనుకుని వెనక బ్రేక్ తగ్గించేస్తుంది. దాని రాడ్డు సర్దాలి. స్టీరింగ్ పక్కకు తిరిగి ఉంటే డ్రాగ్ లింక్‌తో సరిచేయండి. యు బోల్టులు 100 కి.మీ.కి ఒకసారి, 500కి ఇంకోసారి బిగించాలి.

నాగలిచాలు: చట్టం మాట కూడా ఒకటి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన రూపం మార్చొద్దంటుంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు ₹5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

రేగడిదారి: ముందు కాస్టర్ ఇంకా తక్కువనిపిస్తే కట్టకూ ఆక్సిల్‌కూ మధ్య ఇనుప వెడ్జి (ఏటవాలు ముక్క) పెట్టమన్నారు. లావు వైపు ముందుకా, వెనక్కా?

కమాన్‌కట్ట: ముందుకే, కట్టలు ఆక్సిల్ కింద ఉన్నంతవరకు. సెంటర్ బోల్టు మాత్రం వెడ్జి మందం అంత పొడవుది వేయండి, తల ఆక్సిల్ సీటు రంధ్రంలో కూర్చోకపోతే ఆక్సిల్ జరుగుతుంది. స్ప్రింగ్ ఓవర్ చేసిన బండికి అదే వెడ్జి తిరగేసి పెట్టాలి.