పొద్దున్నే ఆగిపోతున్న వ్యాగన్ఆర్: ముందు థ్రాటిల్ క్లీనింగా, స్కానరా?

గచ్చిబౌలి_వ్యాగన్: 2016 మోడల్, 1.0 పెట్రోల్. చలికి పొద్దున స్టార్టయ్యాక 1,200 దగ్గర ఉండాల్సిన ఆర్పీఎం 500–600 మధ్య ఊగి ఆగిపోతోంది. వేడెక్కాక ఏ గొడవా లేదు. చెక్ లైట్ రాలేదు, ప్లగ్గులు కొత్తవి. ఏం చూడాలి?

స్పానర్‌బాబాయ్: చూసేదేముంది, థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి) క్లీన్ చేయించండి. అందులోని బటర్‌ఫ్లై రేకు అంచున మసి పడితే, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) గాలి వెళ్లే సందు మూసుకుపోతుంది.

కోడ్‌రీడర్: మసే అయితే వేడి మీద ఏసీ వేసినా ఆర్పీఎం పడాలి కదా? రాత్రంతా ఆగిన బండిలో కీ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా స్కానర్ (బండి కంప్యూటర్ రీడింగులు చూపే పరికరం) పెట్టండి. కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు), ఇన్‌టేక్ ఎయిర్ (లోపలికి పీల్చే గాలి) వేడి రీడింగులకు రెండు మూడు డిగ్రీల తేడా ఉండొచ్చు. కూలెంట్ 70 చూపిస్తే సెన్సార్ పోయినట్టే. ఇంజన్ వేడిగానే ఉందనుకుని ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) అదనపు పెట్రోల్ ఇవ్వదు.

స్పానర్‌బాబాయ్: చలిలో ఆయిల్ చిక్కగా ఉంటుంది, ఇంజన్‌కి గాలి ఎక్కువ కావాలి. మసి ముందు బయటపడేది అప్పుడే స్వామీ.

రాజమండ్రి_రైడర్: ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వల్లే. ఇంకేం వెతక్కండి.

హోస్‌పైపు: పీసీవీ పైపు (ఇంజన్ లోపలి ఆవిర్లను మళ్లీ గాలి దారిలోకి పంపేది) చూశారా? గాలి లాగుతుందేమో.

స్పానర్‌బాబాయ్: మ్యాప్ సెన్సార్ (గాలి ప్రెషర్ కొలిచేది) ఉన్న బండిలో గాలి లీకైతే ఐడిల్ పెరుగుతుందండీ, తగ్గదు.

కోడ్‌రీడర్: ఒక్క సిలిండర్ రన్నర్ (దానికి గాలి వెళ్లే పైపు) దగ్గరే లీకైతే ఆ సిలిండర్ మిస్సవుతుంది. ఎప్పుడూ పెరుగుతుందని రాయకండి.

గచ్చిబౌలి_వ్యాగన్: పొద్దున చూశా. కూలెంట్ 18, ఇన్‌టేక్ 17.

స్పానర్‌బాబాయ్: చెప్పానా!

కోడ్‌రీడర్: సెన్సార్ బాగుంటే థ్రాటిల్ చెడినట్టా? ఫ్యూయల్ ప్రెషర్ ఎవరైనా చూశారా?

స్పానర్‌బాబాయ్: రాత్రంతా బండి షెడ్డులో పెట్టుకుని, పొద్దున్నే గేజ్ పెట్టి చూడాలా? దానికి డబ్బులెవడిస్తాడు? క్లీనింగ్‌కి ఇస్తారు, చూసినందుకు పైసా ఇవ్వరు.

కోడ్‌రీడర్: ఇదీ అసలు సంగతి. బిల్లయ్యే పని ముందు, రోగం తర్వాత. ఆ మాట కస్టమర్‌కి చెప్పే చెయ్యండి మరి.

స్పానర్‌బాబాయ్: మీరొచ్చి నాల్రోజులు షెడ్డు నడపండి, తెలుస్తుంది.

గ్యాస్_గురు: ఇద్దరూ ఆగండన్నా. బండికి సీఎన్‌జీ ఉందా?

గచ్చిబౌలి_వ్యాగన్: ఉంది, కంపెనీ కిట్టే. పెట్రోల్ మీటర్‌లో ఒక్క పాయింటే ఉంది, ఆగస్టులో పోయించా.

గ్యాస్_గురు: ఇది ముందే చెప్పాల్సింది. బండి పెట్రోల్‌లో స్టార్టయి, వేడెక్కాకే గ్యాస్‌కి మారుతుంది. అంటే తేడా పెట్రోల్ వైపే ఉండొచ్చు. నిలవ పెట్రోల్‌కి ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మే నాజిల్) మూతులు జిగురెక్కుతాయి. 10 లీటర్లు కొత్తది పోసి, స్విచ్ పెట్రోల్‌లోనే ఉంచి వంద కిలోమీటర్లు తిప్పండి. తగ్గకపోతే మూడు ఇంజెక్టర్లూ తీయించి ఫ్లో టెస్ట్ (సరిగా చిమ్ముతున్నాయా అని చూడటం), అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలతో) క్లీనింగ్.

స్పానర్‌బాబాయ్: చివరికి క్లీనింగే కదా.

గచ్చిబౌలి_వ్యాగన్: థ్రాటిల్ కూడా ఇవాళ చేయించేశా, 900 తీసుకున్నారు. ఇప్పుడు వేడి మీద కూడా 1,300 నుంచి దిగట్లేదు!

కోడ్‌రీడర్: మసి ఉన్నప్పుడు ఈసీఎం నేర్చుకున్న లెక్క అలాగే ఉంది. స్కానర్‌తో ఐడిల్ లెర్నింగ్ రీసెట్ చేయించండి. క్లీనింగ్‌తో పాటే చెయ్యాల్సిన పని అది.