అప్‌డేట్: పొలం అమ్మలేదు, చెల్లి జర్మనీ వెళ్లింది

చెల్లి ఎంఎస్ కోసం నరసన్నపేట దగ్గరున్న ఎకరం పొలం అమ్మాలా, లోన్ తీసుకోవాలా అని మార్చిలో అడిగాను. అమ్మొద్దని చెప్పినవాళ్లందరికీ దండాలు. వ్యవసాయ భూమిని బ్యాంకువాళ్లు తాకట్టుకి ఒప్పుకోలేదు, శ్రీకాకుళంలో ఇల్లు పెట్టాం. లోన్ డబ్బు మీద టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) పడదని చెప్పిన అన్నయ్యగారి మాట నిజమే.

చెల్లి చేరిన ప్రభుత్వ యూనివర్సిటీలో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ రుసుము మాత్రమే. అసలు బరువు బ్లాక్డ్ అకౌంట్‌ది (అక్కడ బతకడానికి డబ్బుందని వీసా కోసం చూపించే ఖాతా): 11,904 యూరోలు ముందే వేయాలి, అందులోంచి నెలకి 992 మాత్రమే చేతికొస్తాయి. ఆ మొదటి నెల డబ్బు కూడా వెంటనే రాలేదు. అక్కడ అడ్రస్ రిజిస్టర్ చేసుకుని, బ్యాంకు ఖాతా తెరిచాకే విడుదల చేశారు. మూడు వారాలు మాకు నిద్రల్లేవు. వెళ్లేటప్పుడు అమ్మ పట్టుబట్టి ఇప్పించిన 700 యూరోలే ఆదుకున్నాయి. ఇప్పుడు వెళ్లేవాళ్లు దయచేసి అలా కొంత డబ్బు చేతిలో పెట్టుకెళ్లడం మర్చిపోకండి.

ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయొచ్చు గానీ, మొదటి సెమిస్టర్ చదువు మీదే ఉండమన్నాం. ప్రతి ఆదివారం ఖర్చుల పుస్తకం పేజీ ఫొటో తీసి పంపుతుంది. మొన్నటి పేజీలో అద్దె, ఇన్సూరెన్స్ కింద ‘బియ్యం, పప్పు’ అని రాసి, పక్కనే ‘జీడిపప్పు అయిపోయింది’ అని ఉంది. అమ్మ అప్పుడే పలాస నుంచి రెండు కిలోలు తెప్పించింది.