తెల్ల గిత్త ఫోటోని అచ్చంగా నలుపు తెలుపు రెండే రంగుల్లోకి మార్చాలి, మూపురం ఆకాశంలో కలిసిపోతోంది, ఏం చెయ్యాలి?

టంగుటూరు_కుర్రోడు:
అన్నలూ, ఒక సాయం కావాలి. మా ఊరి తిరునాళ్లకి బండలాగుడు పోటీలు పెడుతున్నారు, మా ఒంగోలు గిత్తల జత కూడా దిగుతోంది, వెంట వచ్చే కుర్రాళ్లందరికీ టీషర్ట్‌లు వేయిద్దాం అనుకున్నాం. స్క్రీన్ ప్రింటింగ్ ఆయన్ని అడిగితే ఒక్క రంగయితే రేటు తగ్గుతుంది, షేడ్లు లేకుండా బొమ్మ చేసి తెండి అన్నాడు. ఫోటోలు మార్చే గింప్ సాఫ్ట్‌వేర్‌లో, బొమ్మని నలుపు తెలుపుగా విడగొట్టే థ్రెషోల్డ్ పెట్టి చూస్తున్నా. నంబర్ తగ్గిస్తే గిత్త ఒళ్లంతా మాయమై మూతి, కళ్లు, మోకాళ్ల మీద నల్లమచ్చలు మాత్రం గాల్లో మిగులుతున్నాయి, పెంచితే చెట్లూ జనమూ నేలా అంతా కలిసి ఒకటే నల్లముద్ద. ఫోటో ఫోన్‌లో తీసిందే, పైన నీలాకాశం, కింద ఎర్ర గ్రావెల్ తోలిన నేల. అసలు ఏ నంబర్ దగ్గర ఆపాలి?

పెన్నా_గట్టు:
తమ్ముడూ, ఆ నంబర్‌తో కుస్తీ పట్టకు. థ్రెషోల్డ్ చేసే పని ఒక్కటే: 0 నుంచి 255 దాకా ఉండే వెలుగు కొలతలో నువ్వు చెప్పిన నంబర్‌కి కిందున్న చుక్కలన్నీ నలుపు చేస్తుంది, మిగతావి తెలుపు. ఫోటోషాప్‌లో తెరవగానే 128 కనిపిస్తుంది, అది సగం దగ్గర గీసిన గీత, అంతే. గిత్త ఏదో ఆకాశం ఏదో దానికేం తెలుసు? నీ ఫోటోలో తెల్ల మూపురమూ మధ్యాహ్నపు ఆకాశమూ వెలుగులో దగ్గర దగ్గరగా ఉన్నాయి, అందుకే రెండూ ఒకే వైపు పోతున్నాయి. ముందు వాటిని విడగొట్టు, థ్రెషోల్డ్ చివర్లో.

విడగొట్టడానికి నీ ఫోటోలోనే మంచి దారి ఉంది. రంగు ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చానెళ్లుంటాయి కదా, అంటే ఒక్కో రంగు వెలుగు ఎంతుందో విడిగా చూపే బొమ్మలు, తెల్ల గిత్త మూడింట్లోనూ తెల్లగానే ఉంటుంది, కానీ నీలాకాశం ఎరుపు చానెల్లో బాగా ముదిరిపోతుంది, ఎర్రమట్టి నీలం చానెల్లో ముదిరిపోతుంది. కాబట్టి పై సగానికి ఎరుపు చానెల్, కాళ్ల దగ్గర నీలం చానెల్ వాడుకో. గింప్ కలర్స్ మెనూలో మోనో మిక్సర్ తెరిచి ఎరుపు 1, మిగతా రెండూ 0 పెడితే మొదటిది వస్తుంది, ఫోటోకి ఇంకో కాపీ లేయర్ (పొర) తీసి దాని మీద నీలం 1 పెట్టు. ఎరుపుది పైన ఉంచి, దానికి మాస్క్ (పొరలో కావలసినంత దాచే ముసుగు) వేసి, పొట్ట కింద నుంచి మెత్తటి నల్ల బ్రష్‌తో తుడిస్తే కిందిది బయటపడుతుంది. చెట్లకీ జనానికీ ఈ మంత్రం పనిచెయ్యదు, వాటిని చేత్తో సెలెక్ట్ చేసి నలుపు నింపెయ్యడమే.

ఇంకొకటి, ఫోన్ ఫోటోలో దుమ్మూ గరుకూ ఉంటాయి, వాటివల్ల అంచుల దగ్గర మిరియాలు చల్లినట్టు చుక్కలొస్తాయి. థ్రెషోల్డ్‌కి ముందు బొమ్మని రెండింతలు పెద్దది చేసి, కొంచెం గాసియన్ బ్లర్ (బొమ్మని మసకగా మెత్తబరిచేది) వెయ్యి. బ్లర్ వేస్తే మొద్దుబారిపోతుందేమో అని టెన్షన్ పడకు, థ్రెషోల్డ్ మళ్లీ అంచుని కత్తితో కోసినట్టు తెస్తుంది.

ట్రంకురోడ్డు_ప్రింటర్:
పై అన్న చెప్పినట్టు చేస్తే నల్ల వెనకతట్టు మీద తెల్ల గిత్త వస్తుంది. దాన్ని తెల్ల టీషర్ట్ మీద నల్ల ఇంకుతో వేయించొద్దబ్బాయ్, ఛాతీ మీద అంత పెద్ద ఇంకు పలక ఉంటే ఎండలో చెమట పోదు, గుడ్డ అట్టలా బిగుస్తుంది. నల్ల టీషర్ట్ తీసుకుని తెల్ల ఇంకు వేయించు, గుడ్డ రంగే వెనకతట్టు అవుతుంది, గిత్త ఒక్కటే ఇంకు. ముదురు గుడ్డ మీద తెలుపు నిండుగా రావాలంటే మామూలుగా ఇంకు రెండుసార్లు వెయ్యాల్సి వస్తుంది, ఆ మాట ముందే అడిగి రేటు మాట్లాడుకో.

అప్పుడు ఫిల్మ్ (బొమ్మని నల్లగా ప్రింట్ తీసే పారదర్శక షీటు) కోసం ఫైల్‌ని ఇన్వర్ట్ చెయ్యాలి, అంటే నలుపుని తెలుపుగా, తెలుపుని నలుపుగా తిప్పాలి. ప్రింటింగ్ ఫ్రేమ్‌కి బిగించిన జల్లెడగుడ్డ మీద పూసిన ఎమల్షన్ అనే మందు వెలుగు తగిలిన చోట గట్టిపడుతుంది, ఫిల్మ్‌లో నలుపు అడ్డం ఉన్నచోట మెత్తగా ఉండి నీళ్లకి కడుక్కుపోతుంది, ఆ సందులోంచే ఇంకు దిగుతుంది. అంటే ఇంకు ఏ రంగైనా సరే ఫిల్మ్‌లో గిత్త నల్లగా ఉండాలి. పీఎన్‌జీగా దాచు, జేపీజీ చేస్తే అంచుల వెంట బూడిద నలుసులు చేరతాయి. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపు.

టంగుటూరు_కుర్రోడు:
అన్నా, మోనో మిక్సర్ పెట్టగానే మూపురం గీసినట్టు బయటికొచ్చింది, చాలా థ్యాంక్స్! నల్ల టీషర్టే ఖాయం. ఇప్పుడు ఇంకో చిక్కు. మూపురం బాగున్న నంబర్ దగ్గర ముఖం బాగుండటం లేదు, గిత్త తల కొంచెం బూడిద రంగు కదా, కన్నూ చెంపా ఒకటే నలుపైపోయాయి. గంగడోలు మడతలేమో అసలు లేవు, తెల్లగుడ్డ వేలాడదీసినట్టుంది.

చీమకుర్తి_చెక్కుడు:
నేను నల్లరాయి మీద బొమ్మలు చెక్కుతాను, మాకు రోజూ ఉండే తగువే ఇది. బొమ్మంతటికీ ఒకే నంబర్ పెట్టాలని రూలేం లేదు. థ్రెషోల్డ్ పెట్టకముందున్న బూడిద బొమ్మని మూడు కాపీలు చేసి తలకి తక్కువ నంబర్, ఒంటికి ఇప్పుడున్నదే, గంగడోలుకి ఎక్కువ నంబర్ పెట్టి, మాస్కులతో కలుపు. తల దగ్గర కంటి చుట్టూ నల్ల వలయం, కనుపాపలో చిన్న తెల్ల మెరుపు, ఈ రెండూ తప్పకుండా మిగలాలి. మెరుపు రాకపోతే బ్రష్‌తో నువ్వే పెట్టు, అది లేని ముఖంలో ప్రాణం ఉండదు.

గంగడోలుకి మడతలన్నీ తేవాలని చూడకు. బాగా లోతున్నవి మూడో నాలుగో ఉంచి, వాటిని కూడా కొంచెం లావు చెయ్యి, వెంట్రుకంత గీతలు ప్రింట్‌లో పూడిపోతాయి. పొట్ట కింద గీత నేలలో కలిసిపోయినా వదిలెయ్, చూసే కన్ను దాన్ని కలుపుకుంటుంది. ముకుతాడూ పగ్గమూ మాత్రం తెగకుండా చూడు, అవి తెగితే ఎడ్లు తెలిసినవాళ్లు మొదట అక్కడే పట్టుకుంటారు.

ట్రంకురోడ్డు_ప్రింటర్:
ఛాతీ మీద 10 అంగుళాల వెడల్పు అనుకుంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3000 పిక్సెళ్లు కావాలి. అదే సైజులో కాగితం మీద ప్రింట్ తీసి గోడకి అంటించి, నాలుగు బారల దూరం నుంచి చూడు. కాడి ఎక్కడుందో, ఏ కొమ్ము ఏ గిత్తదో అక్కణ్ణించి తెలిస్తే ఫైల్ ఇచ్చెయ్.